శాసన చిత్రాల ఎగుమతిలో చెల్లని ఫైలు మార్గాలు: పల్నాటి సామగ్రి నేపథ్యంలో పరిశీలన

నాగార్జునకొండ ఇక్ష్వాకుల బ్రాహ్మీ శాసనాలు మొదలుకొని మధ్యయుగపు తెలుగు శాసనాల వరకు పల్నాటి లిపిసామగ్రి విస్తారమైనది. వీటి ప్రతిలేఖనాలను ఇంక్‌స్కేప్‌లో ఎస్‌విజి చిత్రాలుగా గీసి, సిద్ధాంతగ్రంథంలో చేర్చడానికి పిఎన్‌జి రూపంలోకి ఎగుమతి చేసే పద్ధతి పరిశోధకులకు అనుకూలమైనది. చిత్రాలు వందల్లో ఉన్నప్పుడు కమాండ్ లైన్ తప్పనిసరి అవుతుంది. అక్కడ ఫైలు మార్గం చెల్లకపోతే ఒక హెచ్చరిక వాక్యం తెరపై దొర్లిపోతుంది. మిగిలిన పని యథాతథంగా సాగుతుంది.

ప్రమాదం ఇక్కడే ఉంది. గమ్యస్థానంలో పాత పిఎన్‌జి ఉంటే, విఫలమైన ఎగుమతి దానిని ముట్టుకోదు. పాఠంలో ఒక గుణింతాన్ని సవరించిన పరిశోధకుని గ్రంథంలో సవరణకు ముందరి చిత్రమే అచ్చవుతుంది. వివరణ ఒకటి, చిత్రం మరొకటి. పరీక్షకులు దీనిని పఠనదోషంగానే భావిస్తారు.

మార్గం చెల్లకపోవడానికి కారణాలు శాసనపరిశోధకుల అలవాట్లలోనే ఉన్నాయి. శాసనసంఖ్యను, సంవత్సరాన్ని ఏటవాలు గీతతో విడదీసి రాయడం పరిపాటి. ‘12/1930’ అని ఫైలుకు పేరు పెడితే, కంప్యూటరు ‘12’ను ఫోల్డరుగా గ్రహిస్తుంది. ఆ ఫోల్డరు లేదు కనుక చిత్రమూ ఉండదు. ‘పల్నాటి శాసనాలు’ వంటి ఖాళీ ఉన్న పేరును ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచకపోతే అది రెండు పేర్లుగా చీలిపోతుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత ‘గుంటూరు’ ఫోల్డరు పేరును ‘పల్నాడు’గా మార్చుకున్నవారి పాత ఆదేశాలు కూడా ఇలాగే దారి తప్పుతాయి. పైగా ఎస్‌విజి ఫైలు తన పూర్వపు ఎగుమతి మార్గాన్ని తనలోనే దాచుకోగలదు.

తెలుగు లిపికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ‘కైఫియత్’ అనే పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా గాని, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, లినక్స్‌కు వేరువేరు. మ్యాక్ పాత ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలో భద్రపరుస్తుంది కనుక, అక్కడినుండి వచ్చిన ఫోల్డర్లలో ఈ తేడా ఎదురుకావచ్చు. ‘స్కాన్‌లు’ వంటి మాటలో పొల్లు తరువాత ఉండే అదృశ్య సంకేతమూ అటువంటిదే. పేరు నిడివికి సంబంధించిన మెలిక కూడా గమనార్హం. లినక్స్‌లో ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. ‘పల్నాటివీరచరిత్ర’ అన్న పేరొక్కటే 48 బైట్లు. విండోస్‌లో చెల్లిన దీర్ఘనామం లినక్స్‌లో చెల్లకపోవడానికి ఇదే కారణం.

ఫైళ్లకు రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీతలతో కూడిన పొట్టి పేర్లు పెట్టి, తెలుగు వివరాలను వేరే పట్టికలో ఉంచుకోవడం క్షేమం. తెలుగువారికి ఇది కొంత అసంతృప్తి కలిగించే మాటే. తెలుగు పేర్లే కావాలనుకుంటే వాటన్నిటినీ ముందుగా ఒకే యూనికోడ్ రూపానికి మార్చాలి. ఎగుమతికి ముందు ఆదేశపత్రం గమ్యఫోల్డరు ఉన్నదో లేదో చూసి, లేకపోతే సృష్టించాలి. అందులో రాసే అనుమతి ఉన్నదో పరీక్షించాలి. చిత్రాన్ని మొదట తాత్కాలిక నామంతో, ఇంతకుముందు ఏ ఫైలూ లేనిచోటికి ఎగుమతి చేయాలి. ఆ ఫైలు ఏర్పడిందని, దాని పరిమాణం సున్న కాదని నిర్ధారించుకున్న తరువాతనే పాత చిత్రం స్థానంలో ఉంచాలి. ఏ మెట్టులో విఫలమైనా ఆదేశపత్రం అక్కడే ఆగి, ఆ శాసనసంఖ్యను నమోదు చేయాలి.