వంటింట్లోనే ఉంది ప్రాణజలం!

మా మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండల సంగతి వేరే చెప్పాలా! ఉగాది వెళ్ళిందంటే చాలు, నల్లమల మీంచి వచ్చే గాలి కూడా సెగలు కక్కుతుంది. పలకల పనికి, పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు సాయంత్రానికి వాడిన తోటకూర కాడల్లా ఇల్లు చేరతారు. "చేలో చాటెక్కడుందక్కా! నీళ్ళు తాగితే మాటిమాటికీ వెళ్ళాల్సొస్తది" అంటూ దాహాన్ని అణచుకునేవాళ్ళని ఎందరినో చూశాను.

చెమటతో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. ఇక వాంతులు, విరేచనాలైతే చెప్పనే అక్కర్లేదు. పసివాళ్ళకి గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు ఇచ్చి, రోగుల బంధువులచేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకి దిగాయి! కిటుకేమిటంటే, చక్కెర తోడుంటేనే పేగులు ఉప్పునీ, దాని వెంట నీటినీ బాగా పీల్చుకుంటాయి.

మరి మనమెలా చేసుకోవాలి? లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కరిగించాలి. చెంచా పైన గుట్ట లేకుండా చదును చేసి కొలవాలి సుమా! ఉప్పెక్కువైతే పిల్లలకి ప్రమాదం, చక్కెరెక్కువైతే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. రుచి చూస్తే కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. 24 గంటలు దాటితే పారబోయాలి. మన బోరునీళ్ళని కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, కాబట్టి రోజూ తాగే శుద్ధి చేసిన నీళ్ళే వాడండి.

రెండేళ్ళలోపు పిల్లలకి విరేచనమైన ప్రతిసారీ పావు నుంచి అర కప్పు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. తల్లిపాలు మానిపించకండి. ఓఆర్‌ఎస్ పొట్లం దొరికితే అదే మేలు, అందులో పొటాషియం కూడా ఉంటుంది. బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోతుకు పోయినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

కొట్లో అమ్మే తియ్యటి డబ్బాలను చూసి మోసపోకండి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు వాడరాదని భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

ఉత్త ఎండబడలికకైతే ఉప్పేసిన పలచటి మజ్జిగ, గంజి, నిమ్మరసం చాలు. బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి డాక్టర్‌ని అడగాలి.

సద్దిమూటతో పాటు మజ్జిగ సీసా పట్టుకెళ్ళండి. పనిచోట చాటుగా నాలుగు తడికలు కట్టించమని మేస్త్రీని నలుగురూ కలిసి అడగండి. సీసాలో నీళ్ళుంటే సరిపోదు, వాటిని తాగే ధైర్యమూ ఉండాలి కదా!