మతిమరుపంతా వయసు వల్లనేనా?

ఇంట్లో పెద్దావిడ అన్నం తిన్న గంటకే "ఇంకా వడ్డించలేదేమే" అని అడిగితే, వయసు మీద పడిందిలే అని ఊరుకుంటాం. అలా ఊరుకోకుండా ముందు ఆవిడ మందుల డబ్బా తీసి చూడండి.

అందులో నిద్రగోలీ ఉందా? ఆల్ప్రాజోలం, డయాజిపాం లాంటివి నిద్ర పట్టించడమే కాదు, కొత్తగా విన్నదాన్ని మెదడులో నిలవనీయవు. ఎప్పటి పెండ్లి ముచ్చటో పూసగుచ్చినట్టు చెబుతారు గాని, పొద్దున ఎవరొచ్చి వెళ్ళారో గుర్తుండదు. పెద్దవయసులో ఈ మందులు ఒంట్లోంచి త్వరగా పోవు కూడా. డాక్టరు కొన్నాళ్ళకని రాసిచ్చిన పాత చీటీతోనే ఏళ్ళ తరబడి తెప్పించుకునే ఇళ్ళు ఎన్ని లేవు!

మన పాలమూరు, నల్లగొండ వైపు ఇదే మందు ఇంకో దారిన కూడా వస్తుంది. అదే కల్తీ కల్లు. చెట్టుకల్లు చాలక, నీళ్ళలో శాకరిన్ వేసి, మత్తు కోసం ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు కలుపుతారు. ఒళ్ళునొప్పులకని రోజూ ఓ సీసా తాగే ముసలమ్మ "నేనే గోలీలూ మింగనమ్మా" అంటుంది. అబద్ధం కాదు, పాపం ఆమెకు తెలియదు.

అయితే సంగతి తెలిసింది కదా అని ఆ రోజే అన్నీ మాన్పించేయకండి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసి సరఫరా ఆగేసరికి, మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎందరో ఫిట్సుతో, వణుకుతో, లేనివి కనబడుతున్నాయంటూ ఆస్పత్రుల పాలయ్యారు. కొందరి ప్రాణాలే పోయాయి. మందుకు అలవాటుపడ్డ మెదడు ఒక్కసారిగా అది అందకపోతే తట్టుకోలేదు. డాక్టరు చెప్పిన ప్రకారం వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

మత్తుమందు సంగతే లేదనుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవారిలో బీ12 విటమిను తగ్గవచ్చు, శాకాహారులైతే మరీను. థైరాయిడు తగ్గినా మరుపు వస్తుంది. రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి, తొందరగా పట్టుకుంటే చాలామట్టుకు తేరుకుంటారు. స్నానాలగదిలో జారిపడ్డ కొన్ని వారాలకు తికమక మొదలైతే మాత్రం స్కానింగు తప్పదు, మెదడు మీద నెత్తురు చేరి ఉండవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి మాట తడబడి, మనుషుల్ని పోల్చలేకపోతే తెల్లారేదాకా ఆగకండి. అల్జీమర్సు అన్న మాట ఇవన్నీ చూశాకే.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. కల్లు అలవాటుంటే సిగ్గుపడక ఆ మాటా చెప్పండి.