127 వచ్చిందా? ముందు పాత్ చూడండి

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయింది, ఎర్రర్ ఏదీ రాలేదు. తీరా కమాండ్ టైప్ చేస్తే ‘కమాండ్ నాట్ ఫౌండ్’. చాలామంది దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. సాధారణంగా అందువల్ల ఒరిగేదేమీ ఉండదు. దానికి బదులు వెంటనే ‘ఎకో’ అని కొట్టి, పక్కన డాలర్ గుర్తు, ప్రశ్నార్థకం కలిపి పెట్టండి. ఒక సంఖ్య కనిపిస్తుంది. 127 అయితే షెల్‌కు ఆ పేరుతో ఫైలు దొరకలేదు. 126 అయితే దొరికింది గానీ నడపడం కుదరలేదు. ఎక్కువగా అది అనుమతుల లోపం, 755 ఉండాల్సిన చోట 644 ఉండడం లాంటిది.

127 వచ్చినంత మాత్రాన ఫైలు డిస్కులో లేదని కాదు. షెల్ డిస్కంతా గాలించదు. పాత్ అనే వేరియబుల్‌లో కోలన్లతో విడదీసి రాసిన డైరెక్టరీలను మాత్రమే వరసగా చూస్తుంది. డెబియన్‌లో మామూలు యూజర్‌కు అవి 5, అందులో 2 ఆటల కోసమే. రూట్‌కు 6, వాటిలో 3 ఎస్‌బిన్ డైరెక్టరీలు. చిక్కంతా ఈ 3 దగ్గరే.

2019 జులైలో డెబియన్ 10 వచ్చాక, ‘ఎస్‌యూ’ కొట్టి రూట్‌గా మారినవాళ్లకు ‘యూజర్‌మాడ్’ కమాండ్ దొరకకుండా పోయింది. ఫైలు మాత్రం యూఎస్ఆర్ కింది ఎస్‌బిన్‌లో భద్రంగానే ఉంది. మారింది ఎస్‌యూ. అంతకుముందు అది షాడో ప్యాకేజీ నుంచి వచ్చేది, రూట్‌గా మారగానే పాత్‌నూ మార్చేది. 10 నుంచి యుటిల్-లైనక్స్ వాళ్ల ఎస్‌యూ వచ్చింది. ఇది యూజర్ పాత్‌నే అలా ఉంచేస్తుంది. ఎస్‌యూ తర్వాత ఖాళీ వదిలి హైఫన్ పెడితే రూట్ పాత్ మొత్తం వస్తుంది. ఒక్క హైఫన్ కోసం కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకోవడం అన్యాయం. ఎర్రర్ మెసేజ్‌లో దాని ఊసే ఉండదు మరి.

మ్యాక్‌లోనూ ఇలాంటిదే ఉంది. 2020 నవంబరులో ఎం1 మ్యాక్‌లు వచ్చాక, వాటిలో హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ ఓపీటీ కింద సొంత డైరెక్టరీకి మారింది. అది మామూలు పాత్‌లో ఉండదు. ఇన్‌స్టాలర్ చివర్లో చూపించే లైన్లను ప్రొఫైల్‌లో చేర్చకపోతే ‘బ్రూ’ అన్న దాని కమాండే దొరకకపోవచ్చు.

పేరు కూడా చూసుకోండి. రిప్‌గ్రెప్ ఇన్‌స్టాల్ చేస్తే కొట్టాల్సింది ‘ఆర్‌జీ’. డెబియన్‌లో బ్యాట్ అనే టూల్ కమాండ్ కాస్తా ‘బ్యాట్‌క్యాట్’ అవుతుంది. డెబియన్ ప్యాకేజీ టూల్ డీపీకేజీకి పెద్ద ‘ఎల్’ ఆప్షన్, ప్యాకేజీ పేరు ఇస్తే దాని ఫైళ్లన్నీ చూపిస్తుంది. బిన్ అని ఉన్న లైన్లు వెతికితే అసలు పేరు, చోటు రెండూ తెలుస్తాయి.

ఆ చోటు పాత్‌లో లేకపోతే ప్రొఫైల్ ఫైల్లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. చేర్చేటప్పుడు పాత విలువను తుడిచేయకండి. ‘డాలర్ పాత్’ను అలాగే ఉంచి, కోలన్ తర్వాత కొత్తది రాయాలి. లేకపోతే ‘ఎల్ఎస్’ కొట్టినా 127 వస్తుంది.