ఫ్రీటౌన్ దారిలో ఇల్ఫర్డ్ మజిలీ

హైదరాబాద్ నుంచి ఫ్రీటౌన్‌కి నేరుగా వెళ్లే విమానం లేదు. పడమటి ఆఫ్రికాలో, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న సియెరా లియోన్ దేశానికి రాజధాని అది. ఇస్తాంబులో, పారిసో, బ్రసెల్సో ఎక్కడో ఒకచోట దిగి విమానం మారాల్సిందే. ఎలాగూ మారాలి కదా అని లండన్ మీదుగా టికెట్ తీసుకుని, అక్కడి ఇల్ఫర్డ్‌లో ఉంటున్న నా క్లాస్‌మేటు ఇంట్లో కొన్నాళ్లుండి వెళ్లాను. "సేవకి పోతున్నావా, చుట్టపుచూపుకి పోతున్నావా?" అని మా వారు ఎకసెక్కం చేశారు. అవి రెండు వేరువేరు పనులని నేననుకోను.

నేను మత్తు డాక్టర్ని. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఈసారి నన్ను రమ్మన్నది ఓ ఆసుపత్రి ఓడ. 1978లో డాన్ స్టీఫెన్స్, ఆయన భార్య కలిసి మొదలుపెట్టిన మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ దాన్ని నడుపుతోంది. ఓడ పేరు గ్లోబల్ మెర్సీ. 174 మీటర్ల పొడవు, లోపల ఆరు ఆపరేషన్ థియేటర్లు. 2023 ఆగస్టులో ఫ్రీటౌన్ రేవుకి చేరింది. ఆపరేషన్‌కి రోగి దగ్గర పైసా తీసుకోరు. వెళ్లేవాళ్లలో చాలామందికి జీతం ఉండదు సరికదా, టికెట్టూ ఓడలో తిండీ బసా ఖర్చూ కూడా మనమే పెట్టుకోవాలి. ఈ సంగతి విన్న మా బంధువుల ముఖాలు చూడాలి!

సియెరా లియోన్‌కే ఎందుకంటే, 1991 నుంచి 2002 దాకా ఆ దేశం అంతర్యుద్ధంలో నలిగింది. లేచి నిలబడుతుండగా 2014లో ఎబోలా వచ్చింది. ఆ రోగులకి వైద్యం చేస్తున్న డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ అదే జబ్బుతో ఆ జులైలో చనిపోయారు. ఆయనలాగే ఎందరో డాక్టర్లు, నర్సులు పోయారు. సర్జన్ ఉన్నా మత్తిచ్చేవాళ్లు లేక ఆగిపోయే ఆపరేషన్లు అక్కడ బోలెడు. అసలు అవసరమైనప్పుడు భద్రమైన ఆపరేషన్ అందుబాటులో లేనివాళ్లు ప్రపంచంలో 500 కోట్లమంది అని 2015లో లాన్సెట్ కమిషన్ తేల్చింది.

ఇక ఇల్ఫర్డ్ మజిలీ వల్ల లాభమేమిటంటే, మొదటిది గడియారం. మనకీ గ్రీనిచ్‌కీ అయిదున్నర గంటల తేడా. ఫ్రీటౌన్‌లో ఏడాది పొడవునా గ్రీనిచ్ టైమే. చలికాలంలో లండన్‌దీ అదే. అంటే జనవరిలో ఇల్ఫర్డ్‌లో నిద్ర సర్దుకుంటే ఫ్రీటౌన్‌కీ సర్దుకున్నట్టే. నిద్రమత్తులో ఉన్న మత్తు డాక్టరు రోగికెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మొదటి రెండు రోజులూ తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చి, వాళ్ల వంటింట్లో చప్పుడు కాకుండా కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఆ అవస్థేదో వాళ్లింట్లోనే తీరిపోయింది.

రెండోది చదువు. నాకు పెద్దవాళ్ల నోళ్లు కొత్త కాదు. ఉత్తరాంధ్రలో పనిచేసినప్పుడు అడ్డచుట్ట తాగే ఆడవాళ్ల అంగిటి క్యాన్సర్లకి మత్తిచ్చాను. నోరు తెరుచుకోని మనిషి గొంతులోకి గొట్టం ఎలా దింపాలో ఆ తల్లులే నేర్పారు. ఓడ మీదికొచ్చే దవడ గడ్డలకి ఆ అనుభవం పనికొస్తుంది. అవి క్యాన్సర్ కావు, కానీ ఏళ్ల తరబడి కోసేవాళ్లు లేక పెరిగి పెరిగి ఊపిరికి అడ్డం పడతాయి. నా బెరుకంతా పసిపిల్లల గురించి. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లలు అక్కడ చాలామంది వస్తారు. ఇల్ఫర్డ్‌లోని నా స్నేహితురాలు పాతికేళ్లుగా చేస్తున్నది సరిగ్గా అలాంటి పిల్లలకి మత్తిచ్చే పనే.

రోజూ రాత్రి భోజనాలయ్యాక అదే టేబుల్ మీద పాఠం. మొర్రి అంగిట్లోకి కూడా పాకితే బిడ్డ పాలు లాగలేదు, అందుకే బక్కచిక్కి ఉంటుంది. ఆ స్థితిలో మత్తు తట్టుకోలేదు. పెదవి కుట్టడానికి పది వారాల వయసు, పది పౌన్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలని పాత లెక్క ఒకటుంది. పది పౌన్లంటే నాలుగున్నర కిలోలు. అంత బరువు లేకపోతే కత్తి పట్టకుండా ముందు బిడ్డకి పాలు పట్టే పని చూస్తారు. ఓడవాళ్లు దానికి విడిగా ఓ కార్యక్రమమే నడుపుతారు. మామూలు గొట్టం నోట్లోంచి నిటారుగా పైకి లేచి సర్జన్ చేతికి అడ్డొస్తుంది కాబట్టి, గడ్డం మీదికి వంగి ఉండే ఆర్‌ఏఈ గొట్టం వాడతారు. రింగ్, అడైర్, ఎల్విన్ అనే ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరాలవి. "బిడ్డ మెడ కాస్త వెనక్కి వంచితే గొట్టం చివర కదులుతుందే, మెడ సర్దిన ప్రతిసారీ రెండు ఊపిరితిత్తులూ విని చూడు," అంది. నోట్సు రాసుకున్నాను. కాలేజీలో నా రికార్డు చూసి కాపీ కొట్టిన మనిషి ముందు!

ఆ ఇంట్లో నాకు చిక్కల్లా జలుబుతోనే వచ్చింది. జనవరిలో బడికెళ్లే పిల్లాడున్న ఇల్లు, ముక్కు కారకుండా ఉంటుందా? నేను మాస్కు పెట్టుకుని తిరిగాను. వాడు "పెద్దమ్మా, నా మీద అలిగావా?" అన్నాడు. ఓడలో అందరం ఒకే భోజనశాలలో తింటాం, ఒకే గాలి పీలుస్తాం. అలాంటి చోటికి దగ్గు మోసుకెళ్లడం కన్నా పిల్లాడి దగ్గర మాటపడటమే నయం.

ఆదివారం నాడు నా కోసం పదిమంది తెలుగు డాక్టర్లని భోజనానికి పిలిచారు. ఈస్ట్ హామ్ నుంచి తెచ్చిన గోంగూర, నేను మోసుకెళ్లిన ఆవకాయ. అందరూ మంచివాళ్లే. ఒకాయన సంచి నిండా మందులు తెచ్చారు, "అక్కడ పనికొస్తాయమ్మా" అని. తిప్పి చూస్తే సగానికి పైగా మూడు నెలల్లో గడువు తీరేవి. దానంగా ఇచ్చే మందులు ఆ దేశం చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. పైగా లెక్కాపత్రం లేని మందులు కస్టమ్స్‌లో ఆగుతాయి. ఆగకపోతే అక్కడివాళ్లకి వాటిని పారేసే ఖర్చు మిగులుతుంది. పెద్దమనిషికి ఎదురుగా వద్దనలేక నేను నీళ్లు నములుతుంటే నా స్నేహితురాలి భర్త కల్పించుకున్నాడు: "వదిన సూట్‌కేసు ఇప్పటికే బరువు మించిందండీ. వీలైతే డబ్బు పంపించండి, సంస్థ వాళ్లే కొనుక్కుంటారు." ఆయన ఆ రాత్రే పంపించారు కూడా.

మలేరియా మాత్రలు మొదలుపెట్టిందీ ఆ ఇంట్లోనే. నేను వాడిన రకం ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నంతోనో పాలతోనో వేసుకోవాలి. తిరిగొచ్చాక ఇంకో వారం ఆపకూడదు. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం హైదరాబాద్‌లోనే, నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేయించుకున్నాను. సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజులకి గానీ చెల్లుబాటు కాదు. అది లేకుండా ఆ జ్వరమున్న దేశాల నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మనవాళ్లకుంది.

స్వెట్టర్లు, కోటు, బూట్లు ఇల్ఫర్డ్‌లో వదిలేసి నూలుబట్టలతో బయల్దేరాను. ఫ్రీటౌన్ విమానాశ్రయం లుంగిలో, ఏటికి అవతలి గట్టున ఉంది. అక్కణ్ణుంచి ఊళ్లోకి పడవ మీద వెళ్లాలి. ఓడెక్కాక నా రక్తం గ్రూపు రాసుకున్నారు. అక్కడ సిబ్బందే బ్లడ్ బ్యాంకు. అవసరం పడితే పిలిచి తీసుకుని, వెచ్చగా ఉండగానే రోగికి ఎక్కిస్తారు. థియేటర్‌లో మత్తిచ్చి, తర్వాత వెళ్లి రక్తమిచ్చి వచ్చిన డాక్టర్లున్నారు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఇల్ఫర్డే, కోటు కోసమైనా తప్పదు కదా. ఈసారి పాఠం చెప్పమని వాళ్లే కూర్చోబెట్టారు. ఆ దేశంలో ఎలుకల ద్వారా వచ్చే లాసా జ్వరం ఉంది. సోకిన మూడు వారాల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. మలేరియా అంతకన్నా ఆలస్యంగా కూడా రావచ్చు. జ్వరం వస్తే ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి ఎక్కణ్ణుంచి వచ్చానో చెప్పాలి, తిన్నగా వెళ్లి అందరితో పాటు కూర్చోకూడదు. నేను గుంటూరు చేరాక కూడా ఆ మూడు వారాలూ పొద్దున్నే వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న, "టెంపరేచర్ ఎంతే?" బదులివ్వడం గంట ఆలస్యమైతే మా వారికి ఫోన్ వెళ్లేది.