డీజిల్ కూడా పేరుకుంటుంది: లారీ నడిపే తల్లిదండ్రులు తప్పక చదవాలి

గత వారం ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు లేచి, "సార్, డీజిల్ గడ్డకడుతుందా?" అని అడిగాడు. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. ఆపిల్ లోడు కోసం కాశ్మీరు వెళ్తే, తెల్లవారుజామున బండి స్టార్టు కాలేదట. పక్క బండివాళ్ళు ట్యాంకు కింద మంట పెట్టమన్నారట. ఆయన పెట్టలేదు. ఎండ వచ్చేదాకా ఆగారు, బండి కదిలింది. ఆయన చేసింది ఎందుకు సరైనదో మన విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

మన చంద్రపూర్‌లో ఈ బాధ లేదు. ఇక్కడి చలికి కొబ్బరినూనె పేరుకుంటుంది గానీ డీజిల్ పేరుకోదు. కానీ వరోరా మీదుగా జామ్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే, అదే రోడ్డు శ్రీనగర్ దాకా పోతుంది. ఇక్కడి డీజిల్ ట్యాంకులో ఉంటుంది, బయట మాత్రం సున్నా కంటే తక్కువ చలి ఉంటుంది. చిక్కు అక్కడే.

డీజిల్‌లో సహజంగానే కొంత మైనం కరిగి ఉంటుంది. కొవ్వొత్తిలో ఉండే పారఫిన్ మైనం లాంటిదే. చలి పెరిగేకొద్దీ ఇది మూడు మెట్లలో బయటపడుతుంది. మొదట సన్నని రేణువులు ఏర్పడి డీజిల్ మబ్బుగా కనిపిస్తుంది. తర్వాత ఆ రేణువులు ఫిల్టరుకు అడ్డం పడతాయి. చివరికి డీజిల్ పారడమే మానేస్తుంది. అంటే ట్యాంకులో డీజిల్ పారుతున్నట్టే కనిపించినా, ఫిల్టరు మూసుకుపోయి బండి ఆగిపోవచ్చు. స్టార్టరు బాగానే తిరుగుతూ ఇంజను అందుకోకపోయినా, అందుకుని కాసేపటికే ఆగిపోయినా ముందు ఫిల్టరును అనుమానించాలి.

అందుకే కంపెనీలు కాలాన్ని బట్టి డీజిల్ తయారుచేస్తాయి. మన దేశ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ వేసవిలో 18 డిగ్రీల దాకా, చలికాలంలో 6 డిగ్రీల దాకా ఫిల్టరులో ఆగకుండా సాగితే చాలు. లడఖ్ చలికి అది ఏ మూలకు? అందుకే ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీలో ప్రత్యేకమైన శీతాకాలపు డీజిల్ తయారుచేసి, 2019 నవంబరులో లడఖ్‌లో విడుదల చేసింది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది.

చలి ప్రాంతానికి వెళ్ళేవారు గుర్తుంచుకోవలసినవి:

1. కింద పోయించిన డీజిల్‌ను దారిలో వాడుకుని, ఘాట్ ఎక్కేముందు అక్కడి బంకులో చలికాలపు డీజిల్ అడిగి పోయించండి. రాత్రి ఆపేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తేమ తక్కువ చేరుతుంది.

2. ఫిల్టరు కింద చేరిన నీళ్ళు ముందే వదిలేయండి. ఆ నీళ్ళు గడ్డకట్టినా బండి ఆగుతుంది.

3. పేరుకోకుండా కలిపే మందు వాడాలనుకుంటే ముందే కలపాలి. అది మైనం రేణువులను చిన్నవిగా ఉంచుతుందే గానీ, పేరుకున్నదాన్ని కరిగించదు.

4. పెట్రోలు కలపొద్దు. ట్యాంకులో ఆవిరి నిప్పంటుకునేలా తయారవుతుంది. కిరసనాయిలు కలిపే పాత అలవాటు కూడా వద్దు, కొత్త ఇంజన్ల పంపు, ఇంజెక్టర్లు పాడవుతాయి.

5. బండిని గాలి తగలని చోట, పొద్దుటి ఎండ పడేలా ఆపండి.

ఇంత చేసినా ఆగిపోతే? ఫిల్టరు మీద గుడ్డ చుట్టి వేడినీళ్ళు పోయండి, లేదా కొత్త ఫిల్టరు వేయండి. వైర్ల మీద నీళ్ళు పడకుండా చూసుకోండి. ట్యాంకు కింద మంట మాత్రం ఎప్పుడూ పెట్టకండి. పైపు ఎక్కడ కారుతోందో చీకట్లో కనిపించదు. రెండు గంటలు ఆలస్యమైతే లోడు ఆలస్యంగా చేరుతుంది, అంతే. ప్రాణం పోతే తిరిగి రాదు కదా.

విద్యార్థులకు: 8, 9, 10 తరగతులవారు ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. పొద్దున్నే సగం పేరుకున్న కొబ్బరినూనె రెండు చెంచాలు పలచని గుడ్డలో పోసి చూడండి. మధ్యాహ్నం ఎండలో కరిగాక మళ్ళీ పోసి చూడండి. ఏది ఎంతసేపటికి దిగిందో సైన్సు నోటుబుక్కులో రాసి, సోమవారం తీసుకురండి. కొబ్బరినూనెలో మైనం లేదు, కానీ ఫిల్టరు ఎలా మూసుకుపోతుందో మీకే అర్థమవుతుంది. తర్వాత నాన్నగారికి కూడా చూపించండి.

– ప్రధానోపాధ్యాయుడు