రహదారి కంకర – రబ్బరు బూటు: సికింద్రాబాదు నేపథ్యంలో డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ల రక్షణ

కీలకపదాలు: డ్రైవ్‌షాఫ్ట్, సివి జాయింట్, బూటు, గ్రీజు, గ్రానైటు, కంకర.

1. ఉపోద్ఘాతం

1983 డిసెంబరులో మారుతి 800 విడుదలయ్యేనాటికి మన రహదారులపై అధికంగా తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందేది. ముందు చక్రాల పని మలుపు తిప్పడమే. మారుతి 800తో ఈ రెండు పనులూ ముందు చక్రాలకే వచ్చాయి. పక్కకు తిరిగిన చక్రానికి కూడా వేగంలో హెచ్చుతగ్గులు లేకుండా శక్తిని అందించగల కీలు అవసరమైంది. పాత కార్లలోని క్రాస్ జాయింటుకు ఆ గుణం లేదు. కోణం పెరిగేకొద్దీ ప్రతి భ్రమణంలోనూ దాని వేగం రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించిన, ఆరు ఉక్కు గోళీలు గాడుల్లో కదిలే జాయింటు ఈ లోపాన్ని తీర్చింది. నేటి సివి జాయింట్లలో చక్రం వైపు ఉండేది ఎక్కువగా ఈ రకమే.

2. బూటు బలహీనత

ఉక్కుతో చేసిన ఈ జాయింటును కాపాడేది పలుచని రబ్బరు తొడుగు. హార్మోనియం తిత్తిలా మడతలుండే దీనిని మెకానిక్కులు ‘బూటు’ అంటారు. శాస్త్రరచనలోనూ ఈ మాటనే వాడటం ఉచితం. ఎగిరిపడిన రాయి జాయింటును పగలగొట్టడం అరుదు. అది బూటును కోస్తుంది. షాఫ్టు తిరిగే వేగానికి ఆ చీలిక గుండా గ్రీజు బయటికి చిమ్ముతుంది; నీరు, దుమ్ము లోపలికి చేరుతాయి. అయితే నేరమంతా రాయిదే కాదు. ఎండవేడికి, గాలిలోని ఓజోనుకు మడతల్లో ముందే పగుళ్లు పడిన బూటును చిన్న రాయి కూడా చీల్చగలదు.

3. సికింద్రాబాదు నేల

ఈ ప్రాంతపు నేల గ్రానైటు. రోడ్డుకు వాడే కంకరా ప్రధానంగా అదే. సిలికా అధికంగా ఉన్న గ్రానైటు ఉపరితలం తారుకంటే నీటినే ఎక్కువగా ఆకర్షిస్తుంది. అందువల్ల వానాకాలంలో నీరు నిలిచినచోట తారు పట్టు సడలి కంకర లేచిపోతుంది. బూటును కోసేది ఈ కంకరే, నలిగి దుమ్మై లోపలికి చేరేదీ ఇదే. గ్రానైటులోని క్వార్ట్జ్ కాఠిన్యం వికర్స్ కొలమానంలో సుమారు 1100. గట్టిపరచిన బేరింగు ఉక్కుది సుమారు 700. గ్రీజులో కలిసిన రాతిపొడి గాడులను సానరాయిలా అరగదీయడానికి కారణం ఈ తేడాయే.

4. రక్షణ మార్గాలు

ఇంజను కింది రక్షణ పలకను మరమ్మతు సమయంలో విప్పి, బోల్టులు పోయాయని తిరిగి బిగించకుండా వదిలేయడం తరచుగా కనిపించే అలవాటు. అదనపు పరికరాల కంటే ముందు ఆ పలకను తిరిగి బిగించడం మేలు. జాయింటుకు మరీ దగ్గరగా అదనపు ఇనుప రేకు బిగిస్తే బురద, రాళ్లు దాని మధ్య ఇరుక్కొని బూటును రాపాడతాయి. అటువంటి రేకు లేకపోవడమే నయం. నియోప్రీన్ బూటుకంటే థర్మోప్లాస్టిక్ బూటు రాతి కోతను ఎక్కువగా తట్టుకుంటుంది.

బూటు చిరిగినప్పుడు పాత గ్రీజుపైనే కొత్తది నింపడం వ్యర్థం, రాతిపొడి లోపలే ఉండిపోతుంది. జాయింటును విప్పి, కడిగి, ఆరబెట్టి, మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన గ్రీజు నింపాలి. రాణిగంజ్ వంటి విడిభాగాల బజారులో బూటు కొనేటప్పుడు గ్రీజు, క్లాంపులు కూడా ఉన్న కిట్టునే తీసుకోవాలి. క్లాంపుకు బదులు తీగ చుడితే అది జారిపోతుంది, లేదా రబ్బరును కోస్తుంది.

అద్దెకారు నడిపేవారికి ఈ తేడా ఒక రోజు సంపాదనకూ కొన్ని రోజుల సంపాదనకూ మధ్య ఉన్నంత తేడా. బూటు ఖరీదు షాఫ్టు ఖరీదులో చిన్న భాగం మాత్రమే. స్టీరింగును పూర్తిగా తిప్పి చక్రం లోపలి వైపు చూస్తే గ్రీజు చిందిన మరకలు కనిపిస్తాయి. ఆ దశలో బూటు మారిస్తే చాలవచ్చు. మలుపులో ‘టక్ టక్’ శబ్దం మొదలైతే గాడులు అప్పటికే గుంటలు పడ్డాయని అర్థం; అప్పుడు జాయింటునే మార్చాలి.