మిషనరీ చేతిలో బంతి

విదేశాలకు వెళ్లిన మిషనరీల కోసం మన సంఘాలు ప్రార్థిస్తాయి, కానుకలు పంపుతాయి. అయితే వారు పంపిన ఫోటోలో బైబిలుకు బదులు బంతి కనిపిస్తే కొందరికి సందేహం కలుగుతుంది: "మనం పంపింది ఆడుకోవడానికా?" ఈ ప్రశ్నను మేము కొట్టిపారేయము. కానుక ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది.

కొత్త దేశంలో భాష రాని మనిషికి ఇళ్ల తలుపులు త్వరగా తెరుచుకోవు. ఆటస్థలానికి తలుపు ఉండదు. నేపాల్‌లో 2017 నుండి వాలీబాల్ జాతీయ క్రీడ. ఫిలిప్పీన్స్‌లో ఊరూరా బాస్కెట్‌బాల్ ఆడతారు. థాయ్‌లాండ్, మలేసియాలలో అల్లిన బంతిని కాళ్లతో, తలతో వల మీదుగా కొట్టే సెపక్ తక్రా ఉంది. మన క్రికెట్‌ను అక్కడివారికి నేర్పాలని తొందరపడే కన్నా, వారి ఆటను వారి దగ్గరే నేర్చుకోవడం మేలు. నేర్చుకునేవాడు ఓడిపోతాడు, తప్పులు చేసి అందరినీ నవ్విస్తాడు. అక్కడే పరిచయం స్నేహంగా మారుతుంది.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పౌలు, ఎవరి మధ్య ఉంటే వారిలో ఒకనిగా మెలిగానని చెబుతాడు. అదే అధ్యాయంలో పరుగుపందెం గురించి కూడా మాట్లాడతాడు. కొరింథు దగ్గర పేరుపొందిన ఇస్త్మియా క్రీడలు జరిగేవి. వినేవారు ఎరిగిన మాటతోనే ఆయన బోధించాడు.

ఎరిక్ లిడెల్ జీవితం కూడా ఆలోచింపదగినది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకొని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. మరుసటి ఏడాది మిషనరీగా చైనా వెళ్లి, టియాన్‌జిన్ కళాశాలలో విజ్ఞానశాస్త్రంతో పాటు ఆటలూ నేర్పాడు. 1943లో జపాన్ సైన్యం ఆయనను ఇతర విదేశీయులతో కలిపి వైషియన్ శిబిరంలో నిర్బంధించింది. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు చాలామంది ఉన్నారు. లిడెల్ వారికి ఆటలు ఏర్పాటు చేసేవాడు, ఆదివారం తప్ప. ఒక ఆదివారం వారే హాకీ ఆడుకొని, రిఫరీ లేక కొట్లాటకు దిగారు. తరువాతి ఆదివారం లిడెల్ స్వయంగా రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరి 21న ఆ శిబిరంలోనే మరణించాడు.

ఆదివార ఆరాధనను తేలిక చేయడానికి మేము ఈ సంగతి చెప్పడం లేదు. తన మనస్సాక్షి కోసం పందేన్ని వదులుకున్నవాడు, పిల్లల కోసం తన నియమాన్ని సడలించాడు. అతనికి ఆట కన్నా, పేరు కన్నా మనుషులే ముఖ్యం.

కాబట్టి ఆట ఎర కాకూడదు. ఆటకు వచ్చినవాడు ఆరాధనకు రాకపోయినా, రేపు అతనితో మళ్లీ ఆడాలి. నీవెవరవని అడిగితే దాచకూడదు. చెప్పిన సమయానికి రావడం, రిఫరీ మాటకు లోబడడం, ఓడినప్పుడు కోపగించుకోకపోవడం కూడా సాక్ష్యమే.

పంపే సంఘాలకు మా మనవి ఒకటే. ఎంతమంది బాప్తిస్మం పొందారని మాత్రమే అడగవద్దు. ఎవరి ఇంట భోజనం చేశారు, ఎవరి బిడ్డ జబ్బుపడింది అని కూడా అడగండి. ఈసారి బంతితో ఉన్న ఫోటో వస్తే, అందులోని ఆటగాళ్ల పేర్లు అడిగి తెలుసుకొని, పేరు పేరున వారి కోసం ప్రార్థిద్దాం.